జామ్‌నగర్‌లో మా ఆయన డ్యూటీ, మా సంక్రాంతి సెలవులు

మిలటరీలో ఉన్న భర్త దగ్గరికి పిల్లలతో వెళ్లినప్పుడు, ఊరు చూడటం మామూలు టూరిస్టులకు కుదిరినట్టు కుదరదు. పొద్దున్నే పీటీ, ఆ తర్వాత డ్యూటీ. ఆయన మనకు దొరికేది సాయంత్రాలు, ఆదివారాలు, దయ ఉంటే చివర్లో రెండు రోజుల సెలవు. కాబట్టి ఏ చోటు గొప్పది అని కాదు, ఏది ఆయన ఉన్న గంటల్లో అయిపోతుంది, ఎక్కడికి నేనొక్కదాన్నే పిల్లల్ని తీసుకెళ్లగలను అని లెక్క వేసుకోవాలి. ఆ లెక్కలో గుజరాత్‌లోని జామ్‌నగర్ చాలా మంచి ఊరు. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ మూడూ అక్కడ ఉండటంతో మనలాంటి కుటుంబాలు ఎప్పుడూ వచ్చిపోతుంటాయి.

మాది నెల్లూరు. విజయవాడ వెళ్లి పూరీ–ఓఖా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా జామ్‌నగర్‌లో దిగొచ్చు. వారానికి ఒక్కటే బండి, అందుకే టికెట్లు చాలా ముందే చేయించుకోవాలి. సికింద్రాబాద్ నుంచి వచ్చేవాళ్లకు రాజ్‌కోట్ దాకా రైలుంది. అక్కడి నుంచి బస్సులో సుమారు 90 కిలోమీటర్లు.

బస విషయానికొస్తే, ముందు యూనిట్ గెస్ట్ రూమ్‌లో ఉన్నాం. ఖర్చు తక్కువ, లోపల పిల్లలు ఆడుకోవడానికి భయం లేదు, ఆయన మధ్యాహ్నం పది నిమిషాలు తొంగిచూసి వెళ్లగలరు. కానీ వంటకు వీలుండదు, ఇన్ని రోజులే అని పరిమితి ఉంటుంది, గేటు దగ్గర పాస్ లేకుండా అడుగు కదలదు. మిగతా రోజులు ఊళ్లో ఒక హోటల్‌కి మారాం. బుక్ చేసినప్పుడు చెప్పిన ఎక్స్‌ట్రా బెడ్ సంగతి మేం వెళ్లేసరికి మర్చిపోయారు, వేడినీళ్లు ఎనిమిది దాటితే రావు. అయినా ఆటోలు గుమ్మంలోకే వస్తాయి, ఎన్నింటికి తిరిగొచ్చినా అడిగేవాళ్లు లేరు. నన్నడిగితే భర్త డ్యూటీలో ఉన్నన్నాళ్లూ గెస్ట్ రూమ్, ఆయనకు సెలవు దొరికాక హోటల్. అక్కడ కూడా మనలాగే ధనుర్మాసంలో పెళ్లిళ్లు చేయరు. జనవరి 14 దాటాక మాత్రం పెళ్లి బృందాలతో గదులు నిండిపోతాయి. మారే తేదీ దాన్నిబట్టి చూసుకోండి.

సాయంత్రాలకు లఖోటా చెరువును మించింది లేదు. చెరువు మధ్యలో కోట, అందులో మ్యూజియం, చుట్టూ నడిచే దారి. టికెట్ చిన్నదే. డ్యూటీ అయ్యాక ఆయన నేరుగా అక్కడికే వచ్చేసేవారు. గట్టు పక్కనే బాలా హనుమాన్ గుడి. అక్కడ 1964 ఆగస్టు 1 నుంచి 'శ్రీరామ్ జయరామ్ జయజయ రామ్' నామం రాత్రీ పగలూ ఆగకుండా జరుగుతోంది. 2001 భూకంపం వచ్చినప్పుడూ ఆపలేదట. ఎవరైనా వెళ్లి కూర్చుని పాడొచ్చు. మా పెద్దది మొదట సిగ్గుపడింది, తర్వాత లేవనంది. బయట బండి మీద ఘుఘరా తినండి. కజ్జికాయలా ఉంటుంది గానీ లోపల కారం కూర.

పండగ రెండు రోజులూ ఊరంతా మేడల మీదే ఉంటుంది. అక్కడ సంక్రాంతి అంటే గాలిపటాలు. భోగిమంట లేదని పిల్లలు ముఖం చిన్నబుచ్చుకున్నారు గానీ, హోటల్ పక్క మేడవాళ్లు పిలిచి చేతికి దారం ఇచ్చాక మళ్లీ ఆ మాటే ఎత్తలేదు. ఆ రెండు రోజులు స్కూటర్ మీద తిరగకండి. మాంజా దారం మెడకు తగులుతుందని అక్కడివాళ్లు బండి ముందు ఇనుప కమ్మీ వంచి కట్టుకుంటారు. ఆటోనే మేలు.

ఆదివారం పొద్దుటికి ఖిజడియా పక్షుల అభయారణ్యం సరిగ్గా సరిపోతుంది. రాజ్‌కోట్ వైపు పది, పన్నెండు కిలోమీటర్లు. సముద్రపు నీరు లోపలికి రాకుండా ఎప్పుడో కట్టిన కట్ట వల్ల ఒక పక్క మంచినీళ్లు, మరో పక్క ఉప్పునీళ్లు. రెండు రకాల పక్షులూ ఒకేచోట కనిపిస్తాయి. పులికాట్‌లో ఫ్లెమింగోలు చూసిన పిల్లలకు ఇక్కడేముంటుందిలే అనుకున్నాను. కానీ ఇక్కడ గూడబాతులూ కొంగలూ చాలా దగ్గరగా ఉంటాయి. ఎండెక్కకముందే వెళ్లాలి.

ఇక మా ప్రయాణం మొత్తానికి కిరీటం లాంటిది నరారా. జామ్‌నగర్ నుంచి సుమారు 60 కిలోమీటర్లు, వాడినార్ దగ్గర. 1982లో ఏర్పడిన మన దేశపు మొదటి మెరైన్ నేషనల్ పార్క్‌లో అది భాగం. పడవ అక్కర్లేదు, ఈత రానక్కర్లేదు. ఆటు సమయంలో సముద్రం వెనక్కి వెళ్లిపోతే పగడపు దిబ్బల మధ్య నడుచుకుంటూ వెళ్లొచ్చు. అయితే ఆ సమయం రోజుకు ముప్పావు గంటకు పైనే ఆలస్యమవుతూ పోతుంది. ఒక రోజు తెల్లవారుజామున, కొన్నాళ్లకు మధ్యాహ్నం. మా ఆయన ఖాళీగా ఉండే గంట, సముద్రం ఖాళీ అయ్యే గంట కలవాలి! అమావాస్య, పున్నమి దగ్గర్లో నీరు బాగా లోపలికి పోతుందని గైడ్ చెప్పాడు. క్యాలెండర్ ముందు పెట్టుకుని, ఆటుపోట్ల పట్టికతో పోల్చి చూసి, ఒక ఆదివారం పట్టుకున్నాం. ఊరు చేరకముందే ఈ లెక్క చేసుకుని, బయటికి వెళ్లే అనుమతి, అదే ఔట్ పాస్, ఆ రోజుకే అడగమని మీవాళ్లకు చెప్పండి. ట్యాక్సీ అతనికి ఒక గంట ముందు టైమే చెప్పండి. మేం మాట్లాడుకున్న బండి ఆలస్యంగా వచ్చింది, దారి పొడుగునా నాకు ఒకటే టెన్షన్.

గేటు దగ్గర గుర్తింపు కార్డులు చూపించి, టికెట్ తీసుకుని, గైడ్‌ని వెంటబెట్టుకోవాలి. తడిసినా ఫర్వాలేని బూట్లు తప్పనిసరి, చెప్పులు బురదలో ఉండిపోతాయి. నీడ లేదు, తినడానికి దొరకదు. కానీ చీలమండ లోతు నీళ్లలో ఆక్టోపస్ రంగు మార్చుకుంటూ రాయి కిందకు దూరుతుంటే పిల్లల ముఖాలు చూడాలి. నక్షత్ర చేపలు, సముద్రపు దోసకాయలు, పీతలు, బంతిలా ఉబ్బే చేప. మా చిన్నోడు ఎప్పుడూ ఫోన్‌లో మాత్రమే కనిపించే నాన్న చెయ్యి పట్టుకుని, ఆయన చూపించినవన్నీ మళ్లీ ఆయనకే చూపిస్తూ నడిచాడు. దూరంగా చమురు ఓడలు, దగ్గర్లో ఇంత సున్నితమైన ప్రాణులు. దయచేసి దేన్నీ ముట్టుకోకండి, గైడ్ చేతికిచ్చినా వద్దనండి. పగడాల మీద కాలు పెట్టకండి.

ఆయన లేని రోజు పిల్లల్ని బాలాచడి తీసుకెళ్లాను. తీరం మామూలుగానే ఉంటుంది, దాని కోసమైతే అంత దూరం వద్దు. కానీ రెండో ప్రపంచ యుద్ధంలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న పోలండ్ పిల్లలకు 1942లో ఇక్కడి రాజు జామ్ సాహెబ్ దిగ్విజయ్‌సింహ్‌జీ ఆశ్రయమిచ్చిన చోటు అది. ఇప్పుడక్కడ సైనిక్ స్కూల్ ఉంది, లోపలికి అనుమతి కావాలి. వార్సాలో ఆ రాజు పేరు మీద ఒక కూడలి ఉందని చెబితే, "మరి వాళ్లమ్మానాన్నలు?" అంది మా పెద్దది. తిరిగొచ్చేదాకా ఆ మాటలే.

ద్వారకను ఆయన సెలవు రోజులకు దాచుకున్నాం. దాదాపు 130 కిలోమీటర్లు, హడావుడిగా ఒక్క పూటలో చుట్టి రాకండి. గుడి మధ్యాహ్నం మూసి సాయంత్రం ఐదింటికి గానీ తెరవరు, ఫోన్లు బయటే పెట్టాలి. ఆ ఖాళీలో శివరాజ్‌పూర్ బీచ్ చూడొచ్చు. మన రుషికొండతో పాటే 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రంగా, భద్రంగా ఉండే బీచ్‌లకిచ్చే గుర్తింపు) వచ్చిన బీచ్ అది, చిన్నపిల్లలకు హాయి. దీవి మీదున్న బేట్ ద్వారకకు ఇదివరకు పడవే దిక్కు. 2024 ఫిబ్రవరిలో సుదర్శన్ సేతు వంతెన తెరిచాక కారులోనే వెళ్లొచ్చు. 1965 యుద్ధంలో పాకిస్తాన్ నౌకలు ద్వారక మీద ఫిరంగి గుండ్లు కురిపించిన సంగతి మా ఆయన గోమతి ఘాట్ మెట్ల మీద కూర్చుని పిల్లలకు చెప్పారు. పుస్తకంలో చదివితే అంతగా వినేవాళ్లు కాదు.

ద్వారకలోనే రైలెక్కితే ఒక పూట ప్రయాణం తగ్గుతుంది. మేం మాత్రం వెనక్కి జామ్‌నగర్ వచ్చి అక్కడే ఎక్కాం. సెలవు అయిపోతే ఆయన చేరాల్సింది అక్కడికే, ఆ పూట కూడా నలుగురం కలిసే ఉండొచ్చని.