గాడిదలు వెతికిన సౌలు, గొర్రెలు కాసిన దావీదు

బైబిల్లో ఇశ్రాయేలీయుల మొదటి రాజు సౌలు, ఆ తర్వాత రాజైన దావీదు: జట్టును నడపడానికి వీళ్లలో ఎవరు మేలు? ఇద్దరూ పశువుల వెంట తిరిగినవాళ్లే. తండ్రి కీషు గాడిదలు తప్పిపోతే వెతకబోయిన సౌలు, దొరక్క ఇంటిముఖం పట్టబోయాడు. దైవజనుణ్ణి అడుగుదామన్నది వెంట వచ్చిన పనివాడు. కానుకకు పావు తులం వెండి తీసిందీ అతనే. పనివాడి మాట విన్నాడు, అది సౌలులో మంచి గుణం. తీరా రాజుగా చీటీ తన పేరున పడితే సామాన్ల మధ్య దాక్కున్నాడు.

దావీదు గురించి అందరూ మహాకాయుడైన శత్రువీరుడు గొల్యాతును పడగొట్టిన వడిసెల కథే చెబుతారు. నాకైతే అంతకుముందు మాటే ముఖ్యం: యుద్ధంలో ఉన్న అన్నలకు వేయించిన ధాన్యం, 10 రొట్టెలు మోసుకెళ్లే తొందరలోనూ గొర్రెలను ఒక కాపరికి అప్పగించి మరీ కదిలాడు. సౌలు తొడిగించిన కవచం అలవాటు లేదని మొహమాటం లేకుండా విప్పేశాడు.

జట్టును నడపడానికి నా ఓటు దావీదుకే. అయితే క్షమించడంలో తొలినాటి సౌలూ తక్కువవాడు కాదు: యాబేష్గిలాదు పట్టణాన్ని శత్రువుల నుంచి కాపాడిన రోజున, తన రాజరికం వద్దన్నవాళ్లలో ఒక్కరినీ చంపనివ్వలేదు.