ఏడేళ్ల వాడకం తర్వాత: హెచ్‌ఐవీ పరిశోధనకు ఉమ్మడి ప్రయోగశాల సేవలు

బరంపురంలో ఒక చిన్న బృందంతో హెచ్‌ఐవీ మీద పనిచేస్తూ, సుమారు 170 కిలోమీటర్ల దూరాన భువనేశ్వర్‌లో ఒక సంస్థ నడిపే ఉమ్మడి ప్రయోగశాలను ఏడేళ్లుగా వాడుతున్నాను. కణాలకు రంగులద్ది లేజర్ వెలుతురులో ఒక్కొక్కటిగా లెక్కపెట్టే ఫ్లో సైటోమీటర్, కావలసిన రకం కణాలను వేరుచేసే సార్టర్, జన్యుపదార్థం ఎంతుందో లెక్కగట్టే డిజిటల్ పీసీఆర్ మా స్తోమతకు అందేవి కావు; ఎలాగో కొన్నా, వాటిని నడిపే మనిషికి ఏడాది పొడవునా జీతం ఇవ్వడం మా వల్ల కాదు.

సైటోమీటర్ సేవకు వంక పెట్టలేను. రోజూ ఉదయం కణాలంత చిన్న ప్రామాణిక పూసలతో లేజర్లను సరిచూసి, ఆ నివేదికను మన ఫలితాలకు జతచేసి ఇస్తారు. ఒకసారి ఒకే విడతలో రక్తమిచ్చిన అందరి లెక్కలూ వింతగా వచ్చినప్పుడు తప్పు యంత్రానిదేనని అనుకున్నాం; పూసల నివేదిక చూస్తే యంత్రం సవ్యంగానే ఉంది. వెలుతురు తగిలి చెడిపోయింది, కణాలకు మేం అద్దే పీఈ-సీవై7 అనే రంగు. ఆ కాగితం లేకపోతే వాళ్లతో తగువు పెట్టుకునేవాళ్లం.

చిక్కంతా బతికున్న కణాలతోనే. మందులు వాడుతున్న వ్యక్తిలో మళ్లీ పెరగగల వైరస్ దాగి ఉండే కణాలు, విశ్రాంత సీడీ4 కణాల్లో (హెచ్‌ఐవీ ముఖ్యంగా సోకే రోగనిరోధక కణాలివి) సుమారు 10 లక్షలకు ఒకటి. అంత అరుదైన దానికోసం వెతికేవాళ్లకు దారిలో చచ్చిపోయే ప్రతి కణమూ నష్టమే. మొదట్లో రక్తాన్ని గొట్టాల్లోనే రైల్లో తీసుకువెళ్లేవాళ్లం. ఒక మే నెలలో ఉదయం ఏడింటికి తీసిన రక్తం పదకొండున్నరకల్లా అక్కడికి చేరింది. మాకిచ్చిన స్లాట్ రెండు గంటలకు, ముందున్నవారి పని తెమలక, రక్తాన్ని భద్రంగా తెరిచి పనిచేసే బయోసేఫ్టీ క్యాబినెట్ మా చేతికొచ్చేసరికి అయిదున్నర. రక్తంలోంచి తెల్లకణాలను విడదీసే ఫైకాల్ ద్రవం మీద పోసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే, తెల్లని పలుచటి వలయం కనబడాల్సిన చోట ఎర్రజీరలు కలిసిన మబ్బు పొర తేలింది. చచ్చిన కణాలకే అంటే ట్రిపాన్ బ్లూ రంగు వేసి చూస్తే ఎటు చూసినా నీలం కణాలే. ఎండలో థర్మాకోల్ పెట్టెను నమ్ముకోవడం మా తప్పు కూడా. కానీ రక్తం వయసును సూది గుచ్చిన క్షణం నుంచి లెక్కించాలన్న సంగతి వాళ్ల బుకింగ్ పట్టికలో ఎక్కడా లేదు. డబ్బు మాత్రం పూర్తిగా కట్టించుకున్నారు.

ఆ తర్వాత పద్ధతి మార్చుకున్నాం. ఒక సెంట్రిఫ్యూజ్, ఒక బయోసేఫ్టీ క్యాబినెట్ కొనుక్కుని, కణాలను బరంపురంలోనే వేరుచేసి, గడ్డకట్టేటప్పుడు కణాలను కాపాడే డీఎంఎస్‌ఓ 10 శాతం కలిపి, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లబరిచి, డ్రై ఐస్‌లో పంపుతున్నాం. డ్రై ఐస్ ఆవిరైతే కార్బన్ డయాక్సైడే కనుక, కారు అద్దాలు కాస్త దించే ప్రయాణం చేస్తాం. నా సలహా అడిగితే, జిల్లాల్లో ఉన్నవారు ఈ తొలి మెట్టును తమ దగ్గరే ఉంచుకోవాలి.

సార్టర్ దగ్గర ఇంకో నిబంధన ఉంది. తుంపరలు లేచే యంత్రం కాబట్టి, వైరస్ సోకిన కణాలను పారాఫార్మాల్డిహైడ్ అనే రసాయనంతో చంపి స్థిరపరచనిదే తీసుకోరు. భద్రత దృష్ట్యా అది న్యాయమే. అయితే స్థిరపరిచిన కణాలను మళ్లీ పెంచలేము, వాటినుంచి మంచి ఆర్ఎన్ఏ తీయడమూ కష్టమే. ఈ సంగతి స్లాట్ కొనకముందే చెప్పి ఉంటే బాగుండేది.

వాళ్ల నమూనా ఫారంలో మొన్నమొన్నటి దాకా రోగి పేరుకు ఒక గడి ఉండేది. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం గోప్యత గురించి ఏం చెబుతుందో రాసి పంపాక, దాన్ని తీసేసి సంకేత సంఖ్య మాత్రమే అడుగుతున్నారు. సూరత్ మగ్గాల నుంచి సెలవుకు వచ్చి మాకు రక్తమిచ్చే మనిషికి, ఊళ్లో పేరు బయటపడటం జబ్బుకన్నా పెద్ద భయం. (మాకు రక్తమిచ్చేవాళ్లలో చాలామంది తెలుగు మాట్లాడతారు గానీ చదివేది ఒడియానే, అందుకే సమ్మతి పత్రాన్ని తెలుగులో చదివి వినిపించి, ఒడియా ప్రతి మీద సంతకం తీసుకుంటాం.)

నిల్వ విషయంలో నాకు ఫిర్యాదు లేదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపానుకు కరెంటు పోయి, మా మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లోని నమూనాలు కరిగిపోయిన తర్వాతే ప్రతి నమూనాలో సగం అక్కడి ద్రవ నైట్రోజన్‌లో ఉంచడం మొదలుపెట్టాం. ఇంతవరకూ ఒక్క గొట్టమూ తప్పిపోలేదు. ఈ ఏడాది ఒప్పందం పొడిగించుకున్నప్పుడు సార్టర్ గంటలు తగ్గించి, నైట్రోజన్ ట్యాంకులో మరో అరలో చోటు అదనంగా తీసుకున్నాం.