రెండు క్లిక్కుల మెట్రోనోమ్ యాప్: రెండేళ్లకు పైగా వాడాక

మాది విజయవాడ, సత్యనారాయణపురం. ఇక్కడ పియానో నేర్పేవాళ్లకు కొదవ లేదు కానీ, చాలామంది గ్రేడ్ పరీక్షలతోనో సినిమా పాటలతోనో సరిపెడతారు. ఒక చేతిలో మూడు, రెండో చేతిలో నాలుగు నడిచే పాలీరిథమ్‌లు నేర్పమంటే "అవన్నీ మనకెందుకండీ" అంటారు. అందుకే ఫోన్‌లో పాలీరిథమ్ మెట్రోనోమ్ (టిక్ టిక్ అంటూ లయ చూపే యాప్) వేసుకుని, 88 కీస్ ఉన్న డిజిటల్ పియానోతో సొంతంగా మొదలుపెట్టాను.

ఈ యాప్ రెండు లెక్కల్ని రెండు రకాల శబ్దాలతో ఒకే ఆవర్తంలో వినిపిస్తుంది. 3కి 2, 4కి 3, 5కి 4, ఏది కావాలంటే అది పెట్టుకోవచ్చు. ఒక లెక్కను మ్యూట్ చేసుకోవచ్చు కూడా. అయితే చెవికి ఎక్కినంత తేలిగ్గా వేళ్లకు ఎక్కదు. నాకు దారి చూపింది జతులు, అంటే మృదంగం వాళ్లు నోటితో చెప్పే తకిట, తకదిమి లాంటి లయ అక్షరాలు.

4కి 3 తీసుకోండి. కాలితో నాలుగు దెబ్బలు వేస్తూ దెబ్బకొక "తకిట" చెప్పాలి. మొత్తం పన్నెండు అక్షరాలు. వేగం మార్చకుండా ఆ పన్నెండింటినే "తకదిమి తకదిమి తకదిమి" అనాలి. కాలు మాత్రం నాలుగు దెబ్బలు వదలకూడదు. ప్రతి తకదిమి మొదట్లో కుడిచేత్తో కీ నొక్కితే మూడు వస్తాయి. కాలి పని ఎడమచేతికి అప్పగిస్తే సరి. మృదంగం నేర్చుకునే పిల్లలకు తిశ్ర గతిలో (దెబ్బకు మూడు అక్షరాలు) ఇది మామూలే. 5కి 4 కూడా ఇంతే: ఖండ గతిలో (దెబ్బకు ఐదు అక్షరాలు) నాలుగు దెబ్బలు, ఇరవై అక్షరాలు, ఐదు తకదిమిలు. అప్పుడు యాప్ ఆన్ చేయండి, ఎక్కడ జారుతున్నారో మొహమాటం లేకుండా చెప్పేస్తుంది.

షోపాన్ రాసిన పియానో రచన ఫాంటసీ ఇంప్రాంప్చూలో ఒక్కో బార్‌కు కుడిచేతికి 16 స్వరాలు, ఎడమచేతికి 12. ఆ వేగంలో జతులు నోట పలకవు. విడివిడిగా రెండు చేతులనూ బాగా నలగ్గొట్టి, దెబ్బ దగ్గర మాత్రం కలిపితే చాలు.

యాప్ చేతులెత్తేసింది స్వరకర్త లిగెటి దగ్గర. ఆయన 1985లో రాసిన మొదటి ఎత్యూద్ (సాధన కోసం రాసే రచన) "దేజోర్ద్ర్"లో కుడిచేయి తెల్ల కీస్ మీదే, ఎడమచేయి నల్ల కీస్ మీదే. రెండు చేతుల్లోనూ వేగం ఒకటే, మూడూ ఐదుగా విడిపోయే ఊనికలు మాత్రం క్రమంగా ఒకదాన్నుంచి ఒకటి జరిగిపోతాయి. ఒకే ఆవర్తంలో తిరిగే రెండు క్లిక్కులకు ఇది అందదు. రెండో శబ్దం ఆపేసి, చిన్న అక్షరాల క్లిక్ ఒక్కటే ఉంచుకుని "తకిట తకతకిట" అనుకుంటూ సాధన చేయాల్సిందే. నేనింకా సగం వేగంలోనే ఉన్నాను.

బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ మాత్రం వద్దు. క్లిక్ ఆలస్యంగా వినపడుతుంది, పాలీరిథమ్‌లో అది ప్రాణాంతకం. వైరుదే వాడండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాం కదా అని రాత్రి పది తర్వాత వాయిస్తే, కీస్ దెబ్బ నేల గుండా కిందికి పోతుంది. "ఏంటమ్మా, పైన రోలు దంచుతున్నారా?" అని కింది ఫ్లాట్ పిన్నిగారు అడిగాక స్టాండు కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేశాను. ఇప్పుడు ఏ గొడవా లేదు.

ఉచిత వెర్షన్‌లో సాధన మధ్యలో యాడ్స్ వచ్చిపడతాయి. అయినా 3కి 2, 4కి 3 దాకా అది చాలు. సొంత ఊనికలు పెట్టి సేవ్ చేసుకోవాలంటేనే డబ్బు కట్టండి.