బిగుసుకున్న ఫిల్టరుకు గాంధీ రోడ్డులో విడుదల

తిరుపతి గాంధీ రోడ్డు పక్క సందులో ఉన్న ఈ కెమెరా రిపేరు దుకాణానికి నిశ్చింతగా వెళ్లవచ్చు. తలకోన జలపాతం ఫొటోల కోసం బిగించిన 77 మి.మీ. పోలరైజర్ (నీటి మీది మెరుపును తగ్గించే ఫిల్టరు) నా లెన్సుకు పట్టేసింది. దాని ముందు వలయం ఊరికే తిరుగుతూ ఉంటుంది. పట్టుకోవలసింది వెనకున్న సన్నటి వలయాన్ని. అదీ గట్టిగా నొక్కితే అల్యూమినియం కోలగా వంగి మర ఇంకా బిగుస్తుంది. దుకాణం పెద్దాయన పటకారు జోలికే పోలేదు. రబ్బరు పూత ఉన్న ప్లాస్టిక్ రెంచీని ఆ వలయం చుట్టూ అమర్చి, నెమ్మదిగా అపసవ్య దిశలో తిప్పారు. టక్కున వదిలింది. అద్దం మీద గీత కూడా పడలేదు. మరలో చేరిన ఇసుకను కుంచెతో దులిపి మరీ ఇచ్చారు. బండి నిలపడానికి చోటు లేదు, ఫోను ఎత్తరు. ఆ రెంచీని అమ్మమంటే మాత్రం ససేమిరా అన్నారు!