ఫోన్‌ని బంధించే పెట్టె: నాలుగు నెలలు వాడాక

ముందే చెప్పేస్తాను, చూడ్డానికి ఇది మామూలు ప్లాస్టిక్ డబ్బా. తెల్లటి అడుగు, లోపలిది కనిపించే మూత, మూత మీద గుండ్రటి నాబ్, దాని మధ్యలో చిన్న తెర. ఫోన్ లోపల పెట్టి, నాబ్ తిప్పి ఎంతసేపో చెప్పి నొక్కితే అయిదు నుంచి సున్నా దాకా అంకెలు దిగుతాయి. ఆ అయిదు సెకన్లలో మనసు మార్చుకోవచ్చు. తర్వాత టక్కుమని శబ్దం. ఇక బతిమాలినా తిట్టినా గడువు తీరేదాకా తెరుచుకోదు. ఒక నిమిషం నుంచి పది రోజుల దాకా పెట్టుకోవచ్చు. రెండు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది.

దీన్ని కొనే గతి ఎందుకు పట్టిందో చెప్పాలి. నేను ప్రూఫ్ రీడర్‌ని, ఇంట్లోనే కూర్చుని పుస్తకాలు దిద్దుతాను. ఒక పండితుడి సన్మాన సంచికలో ఆయన "పద్యానికి పెట్టింది పేరు" అని ఉండాల్సిన చోట "మద్యానికి పెట్టింది పేరు" అని అచ్చయింది. ఆ పేజీ నేను రెండుసార్లు చూశాను. రెండుసార్లూ ఫోన్ పక్కనే ఉంది. పుస్తకం వేసినవాళ్లు మర్యాదస్తులు, ఒక్క మాట అనలేదు. తర్వాతి పుస్తకం మాత్రం పంపలేదు.

ఆ మర్నాడు చెయ్యి ఫోన్ వైపు వెళ్లినప్పుడల్లా ప్రూఫు అంచున ఎర్ర పెన్నుతో గీత పెట్టుకుంటూ పోయాను. మధ్యాహ్నానికి 43 గీతలు. నిజంగా పనుండి తీసినవి మూడో నాలుగో. నన్ను ఆశ్చర్యపరిచింది ఆ లెక్క కాదు, గీతలు పడ్డ చోట్లు. పేజీ అంతా సమంగా లేవు. సమాసం మెలికపడిన చోట, అనుమానమొచ్చి నిఘంటువు తియ్యాల్సిన చోట గుంపులుగా ఉన్నాయి. తేలిక పేరాల పక్కన అంచు తెల్లగానే ఉంది. అంటే నాకు ఫోన్‌లో ఏముందో కావాలని కాదు, ఎదురుగా ఉన్న కష్టం వద్దు, అంతే.

బెర్గెన్ ప్రశ్నలు కూడా వేసుకున్నాను. నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2012లో ఫేస్‌బుక్ వాడకం వ్యసనంగా మారిందో లేదో తెలుసుకోడానికి తయారుచేస్తే, తర్వాత వాటినే సోషల్ మీడియా మొత్తానికి వర్తించేలా మార్చారు. ఆరే ప్రశ్నలు. గడిచిన ఏడాదిలో దాని గురించే ఎంత ఆలోచించారు, రానురాను ఇంకా వాడాలనిపించిందా, సొంత బాధలు మరచిపోడానికి వాడారా, తగ్గించబోయి ఓడిపోయారా, అందకపోతే చిరాకు పడ్డారా, పనికో చదువుకో దెబ్బ తగిలిందా. ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా. కనీసం నాలుగింటికి 3 గానీ అంతకు మించి గానీ వస్తే పట్టించుకోవాల్సిందే అని వాళ్లు గీసిన గీత. నాకు అయిదింటికి వచ్చింది. ఆఖరి ప్రశ్నకైతే పండితుడి పుణ్యమా అని పూర్తి 5. ఇదేమీ రోగనిర్ధారణ కాదు లెండి. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో గేముల వ్యసనం ఉంది గానీ, సోషల్ మీడియా వ్యసనమని విడిగా జబ్బేదీ లేదు. "జబ్బు కాదంటగా అక్కా, వదిలెయ్" అన్నాడు మా తమ్ముడు. వాడికీ నాలుగు దాటాయి.

పెట్టె కొనేముందు ఫోన్‌లోనే ఉండే సమయ పరిమితిని వాడి చూశాను. అరగంట దాటగానే తెర మూసుకుంటుంది, నిజమే. కానీ "ఈ రోజుకి వదిలెయ్" అనే మీట కూడా అదే తెర మీద ఉంటుంది. తాళంచెవిని తాళానికే వేలాడదీసినట్టు. మూడో రోజుకి ఆ మీటని చూడకుండా నొక్కడం నా బొటనవేలికి అలవాటైపోయింది.

ఇక పెట్టె సంగతి. మొదటిరోజు గంట పెట్టాను. పది నిమిషాల్లో మూడుసార్లు చెయ్యి దానివైపు వెళ్లింది. నాలుగోసారి లేచి వెళ్లి మూత కదిపి చూశాను, ఎవరూ చూడట్లేదు కదా అని. సెల్స్ తీసేస్తే తెరుచుకుంటుందేమోనని అదీ చేశాను. తెరుచుకోలేదు. మళ్లీ వేశాక మిగిలిన సమయం దగ్గర్నుంచే లెక్క మొదలెట్టింది. ఈ విషయంలో తయారుచేసినవాళ్లకి నా నమస్కారం. ఇరవై నిమిషాలు దాటాక మాత్రం ఆ లాగుడు తగ్గింది. ఫోన్ బయటికి రాదని తేలిపోయాక చెయ్యి అడగడం మానేసింది. ఎదురుగా ఉండి తీసుకోకుండా ఉండడమే కష్టం, అసలు దొరకకపోతే అంత కష్టం లేదు.

ఆ కనిపించే మూత ఎవరి ఆలోచనో గానీ శుద్ధ దండగ. ఏ నోటిఫికేషన్ వచ్చినా లోపల దీపం వెలుగుతుంది, ఎవరు పంపారో సగం పేరు కనిపిస్తుంది. చూడకుండా ఉండడానికి కొన్న పెట్టెలోకి తొంగిచూస్తూ కూర్చున్నాను రెండు రోజులు. ఆఖరికి పాత ప్రూఫు కాగితం ఒకటి మూత లోపలివైపు అంటించాను. ఛార్జర్ తీగ కోసం పక్కన చిన్న కంత ఉంది, అది బాగుంది, కానీ శబ్దం కూడా అందులోంచే వస్తుంది. ఫోన్‌ని సైలెంట్‌లో పెట్టి లోపల వెయ్యండి.

నాబ్ గురించి ఒక కథ ఉంది. నిమిషాల నుంచి గంటలకీ, గంటల నుంచి రోజులకీ అదే నాబ్. వేగంగా తిప్పితే ఎగిరి దూకుతుంది. ఒక శుక్రవారం సాయంత్రం రెండు గంటలు అనుకుని రెండు రోజులు పెట్టాను. అంకెలు దిగుతుంటే వంటింట్లోకి నడుస్తున్నాను, చూసుకోలేదు.

మొదటి సాయంత్రం నిజంగా బాగాలేదు. కారణం లేకుండా మా ఆయన మీద విసుక్కున్నాను. బ్యాంకు ఓటీపీ పెట్టెలోకే వచ్చి, చూసేవాళ్లు లేక గడువు తీరి పోయింది. రాత్రి నిద్రపట్టక దిద్దాల్సిన ప్రూఫులు ముందేసుకుని పదహారు పేజీలు పూర్తిచేశాను. మామూలుగా అది నాకు ఒక రోజు పని. శనివారం మధ్యాహ్నానికి నా విసుగు నాకే విసుగేసి, అటక మీది పాత పుస్తకాలు దించి దులిపాను. ఆదివారం సాయంత్రం మూత తెరుచుకుంటే 212 నోటిఫికేషన్లు. పేరుపెట్టి నన్ను పిలిచినవి ఆరు. అందులో రెండు తమ్ముడివే: "ఫోనెందుకు తియ్యట్లేదు?", పది నిమిషాల తర్వాత "సరే, బావగారితో మాట్లాడేశాను."

దాంతో మారిపోయానని అనుకోకండి. ఆ రాత్రే రెండు గంటలు కూర్చుని మొత్తం వెనక్కి చూసేశాను. ఈ పెట్టెతో అసలు చిక్కు ఇదే: మూసినంతసేపూ కాపాడుతుంది, తెరిచాక వదిలేస్తుంది. వేళ్లతో కిందికి తోసేకొద్దీ వస్తూనే ఉండే ఆ అంతులేని స్క్రోల్‌ని 2006లో రూపొందించిన అజా రాస్కిన్ తర్వాత బాహాటంగానే పశ్చాత్తాపపడ్డాడు. ఆయన బాధ ప్రూఫులు దిద్దేవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. పేజీకి అడుగు ఉంటుంది. అక్కడిదాకా వచ్చి పక్కన పెట్టి, మంచినీళ్లు తాగుతాం. ఫోన్‌లో ఆ అడుగు లేదు. ఈ పెట్టె దాన్ని బయటినుంచి తెచ్చిపెడుతుంది, కానీ ఎక్కడ పెట్టాలో మనమే చూసుకోవాలి. అందుకని ఇప్పుడు అది తెరుచుకునే వేళని పాప బడినుంచి వచ్చే సమయానికి కలుపుతున్నాను. మూత తెరుచుకునేసరికి తలుపు దగ్గర చెప్పుల చప్పుడు. ఫోన్ ఒక్క నిమిషం చూసి పక్కన పడేస్తాను.

కంప్యూటర్‌లో తెరిచి చూడొచ్చుగా అంటారా? చూశాను, రెండు వారాలు. పాస్‌వర్డు మార్చి, అది రాసిన కాగితాన్ని కూడా ఫోన్‌తోపాటు పెట్టెలో వెయ్యడం మొదలెట్టాకే ఆ దారి మూసుకుంది.

ఇప్పుడు రోజుకి మూడు గంటలు పెడుతున్నాను. మొన్న కుతూహలం కొద్దీ మళ్లీ గీతలు పెట్టి చూస్తే మధ్యాహ్నానికి పదకొండు. అవీ సమాసాల దగ్గరే. కాకపోతే చెయ్యి వెళ్లినా దొరికేదేమీ లేక నిఘంటువే తీస్తోంది.

ఇంట్లో పెద్దవాళ్లకి ఒంట్లో బాగాలేక ఎప్పుడు ఫోన్ వస్తుందో తెలియనివాళ్లు, ఇంకో ఫోన్ లేకుండా ఇది కొనొద్దు. రాత్రుళ్లు బాధ మరచిపోడానికే ఫోన్ పట్టుకునేవాళ్లకి కూడా పెట్టె కన్నా ముందు మాట్లాడే మనిషి కావాలి, డాక్టరైనా సరే. పని మధ్యలో చెయ్యి జారే నాలాంటివాళ్లకి మాత్రం పనికొస్తుంది.

అయిదు చుక్కలకి మూడున్నర. ఒక చుక్క ఆ మూతకి తీసేశాను, అర చుక్క నాబ్‌కి.