ఇన్కా ట్రెయిల్, సల్కంటాయ్: మచు పిచ్చుకు నడిచి వెళ్ళడానికి ఏది మేలు?

పెరూ ప్రయాణానికి సిద్ధమవుతున్న మిత్రులు, ముఖ్యంగా అమెరికాలో ఉంటూ వేసవి సెలవుల్లో అటు వెళ్ళిరావాలనుకునే మనవాళ్ళు, నన్ను పదే పదే అడుగుతున్న ప్రశ్న ఒకటుంది: ఇన్కాల పాత కొండనగరం మచు పిచ్చుకు నాలుగైదు రోజులు నడిచి చేరుకోవాలంటే ఇన్కా ట్రెయిల్ మంచిదా, సల్కంటాయ్ మంచిదా? మూడేళ్ళ కిందట సల్కంటాయ్ దారిన వెళ్ళాను. నిరుడు జూన్‌లో ఇన్కా ట్రెయిల్ నడిచాను. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాయడం కన్నా నా అభిప్రాయాన్ని ఒకచోట పెట్టడం మేలనిపించింది.

పైకి కనిపించే తేడాలు చాలామందికి తెలిసినవే. ఇన్కా ట్రెయిల్ నాలుగు రోజుల్లో సుమారు 43 కిలోమీటర్లు. సల్కంటాయ్ ఐదు రోజుల్లో 70 కిలోమీటర్ల పైమాట. మొదటిదానిలో అత్యంత ఎత్తైన కనుమ వార్మివాన్యుస్కా 4,215 మీటర్లు. రెండోదానిలో దాటవలసిన కనుమ 4,600 మీటర్లకు పైనే ఉంటుంది. అయితే సల్కంటాయ్‌లో సామాను కంచరగాడిదలు మోస్తాయి, బాగా అలసిపోయినవారికి గుర్రం కూడా దొరుకుతుంది. ఇన్కా ట్రెయిల్ మీద టెంట్లు, వంట గ్యాసు, గిన్నెలు, మన బట్టల సంచి అన్నీ మనుషుల వీపుల మీదే వెళ్తాయి. బయలుదేరే చోట పోర్టర్లు ఒక్కొక్కరుగా తమ మూటను తూకం మీద పెట్టి, 20 కిలోలు మించలేదని చూపించిన తరువాతే వంతెన దాటారు. ఆ వరుస చూసినప్పటి నుంచి, నన్ను అడిగిన ప్రతివారికీ సంచి తేలికగా సర్దుకోమని, పోర్టర్ల కూలి, భోజనం, పడక సంగతి ఏజెన్సీని ముందే అడగమని చెబుతున్నాను.

ఇన్కా ట్రెయిల్‌కు పర్మిట్ తప్పనిసరి. లైసెన్సు ఉన్న గైడ్ లేకుండా అడుగు పెట్టనివ్వరు. రోజుకు 500 మందికే అనుమతి, అందులో గైడ్లు, వంటవాళ్ళు, పోర్టర్లు కూడా లెక్కకు వస్తారు కనుక యాత్రికులకు మిగిలేవి సుమారు 200 మాత్రమే. మే నుంచి సెప్టెంబరు దాకా ఉండే పొడి కాలపు తేదీలు నెలల ముందే నిండిపోతాయి, ఫిబ్రవరిలో దారి పూర్తిగా మూసేస్తారు. పర్మిట్ పాస్‌పోర్టులోని పేరు మీదే వస్తుంది, మరొకరికి మార్చడం కుదరదు. మన ఇంటిపేర్లు ఒకచోట పొడి అక్షరంగా, మరొకచోట పూర్తిగా ఉండడం మామూలే కాబట్టి, బుకింగ్‌లో పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయించుకోవాలి. సల్కంటాయ్‌కు ఈ బాధ ఏదీ లేదు, ఖర్చు కూడా తక్కువే. కావాలంటే గైడ్ లేకుండానైనా వెళ్ళవచ్చు, మచు పిచ్చు ప్రవేశ టికెట్ మాత్రం విడిగా ముందే కొనుక్కోవాలి.

ఇవన్నీ పక్కన పెట్టి, నా దృష్టిలో ఈ ప్రశ్నను తేల్చే విషయానికి వస్తాను. అది కాళ్ళ కింద ఉన్న దారి.

స్పానిష్‌వారు రాకముందు పెరూను ఏలిన ఇన్కాలకు గుర్రం లేదు, బండిచక్రం వాడకం లేదు. అందుచేత వారు దారులు వేసింది మనిషి పాదానికీ, బరువులు మోసే లామా అనే జంతువు గిట్టకూ సరిపోయేలా. కొండ నిటారుగా ఉన్నచోట మెట్లు కట్టారు, బురద ఉన్నచోట రాతి కట్ట లేపారు. వారి రాజధాని కుస్కో నుంచి నలువైపులా విస్తరించిన ఆ దారుల వ్యవస్థ 30,000 కిలోమీటర్లకు పైబడినది, 2014లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఇన్కా ట్రెయిల్ మీద, ముఖ్యంగా రెండో కనుమ దాటాక, మనం నడిచేది చాలా మేరకు ఆ పాత రాళ్ళ మీదే. దారి కాపలాకు కట్టిన అర్ధవలయాకారపు రుంకురాకాయ్, ఒకే ఒక్క ఇరుకు మెట్లదారిన పైకి ఎక్కవలసిన సాయక్‌మార్కా, మబ్బులకు పైన ఉండి ఇప్పటికీ రాతి తొట్లలో నీళ్ళు పారుతున్న పుయుపతమార్కా, వంపు తిరిగిన మడికట్లతో కొండవాలు నిండా పరచుకున్న విన్యాయ్ వాయ్నా వరుసగా ఎదురవుతాయి. వీటికి బస్సు దారి లేదు, నడిచినవారికే కనిపిస్తాయి.

సాయక్‌మార్కాకూ పుయుపతమార్కాకూ నడుమ ఒకచోట కొండరాయిలో పగులును వెడల్పు చేసి సొరంగం తొలిచారు. పొడవు ఇరవై అడుగులు దాటితే ఎంతో దాటదనుకుంటూ లోపలికి దిగాను, కానీ అంతకన్నా ఎక్కువే ఉంది. లోపల మెట్లు సైతం అదే రాతిలోంచి చెక్కినవి. తడిగా ఉండడంతో గోడ పట్టుకుని దిగుతుంటే, చెయ్యి పెట్టిన చోట రాయి నున్నగా తగిలింది. ఆ నునుపు కట్టినవారి పనో, తరువాత నడిచిన వేలాది చేతుల ఒరిపిడో నేను చెప్పలేను. మచు పిచ్చులో తాడు కట్టి దూరం నుంచి చూడమనే గోడల కన్నా ఆ సొరంగంలో గడిపిన రెండు నిమిషాలే నాకు ఇన్కా పనితనాన్ని దగ్గరగా చూపించాయి.

చివరి రోజు తెల్లవారకముందే లేచి ఇంతి పుంకు, అంటే సూర్యద్వారం, చేరుకుంటే నగరం మొత్తం కింద పరచుకుని కనిపిస్తుంది. ఈ నగరాన్ని బయటి ప్రపంచానికి చూపిన అమెరికన్ హైరమ్ బింగమ్ 1911లో ఉరుబాంబా నది వైపు నుంచి పైకి ఎక్కాడు. ఈనాటి బస్సులు ఎక్కేదీ ఆ వైపు నుంచే, సల్కంటాయ్ నడిచినవారు చివరికి చేరేదీ ఆ వైపునే. కుస్కో నుంచి నడిచి వచ్చినవారికి నగరం మొదట కనిపించిన చోటు మాత్రం సూర్యద్వారం. అక్కడ మంచు కమ్ముకుని ఏమీ కనిపించని ఉదయాలూ ఉంటాయి. మేము ముప్పావుగంట రాళ్ళ మీద కూర్చుని ఎదురుచూశాము.

సల్కంటాయ్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆ దారికి పేరిచ్చిన 6,271 మీటర్ల మంచుకొండ పాదం దగ్గర నిలబడినప్పుడు కలిగే అనుభూతి ఇన్కా ట్రెయిల్‌లో ఎక్కడా దొరకదు. ఉమాంతాయ్ సరస్సు, సొరాయ్‌పంపాలో గడ్డకట్టించే రాత్రి, మర్నాడు కనుమ దాటి సాయంత్రానికల్లా చెమట పట్టే పచ్చటి అడవిలోకి దిగడం, ఆ తరువాత కాఫీ తోటలు, ఇవన్నీ ఆ దారి సొంతం. కొండల కోసం వెళ్ళేవారికి నిస్సంకోచంగా సల్కంటాయ్ చెబుతాను. కానీ నన్ను అడుగుతున్నవారిలో ఎక్కువమంది పాత కట్టడాల కోసం వెళ్తున్నవారు. సల్కంటాయ్ దారిలో అయిదు రోజుల్లో నాలుగు రోజులు కొండలే.

అలిపిరి మెట్లు ఆగకుండా ఎక్కగలము, ఇది చాలదా అని కొందరు అడిగారు. మోకాళ్ళ సాధనకు అది చక్కటిదే, అయితే ఎక్కడంతో పాటు దిగడం కూడా సాధన చేయాలి. వార్మివాన్యుస్కా తరువాత సుమారు 600 మీటర్లు, మూడో రోజు పుయుపతమార్కా నుంచి విన్యాయ్ వాయ్నా దాకా సుమారు 1,000 మీటర్లు ఎగుడుదిగుడు రాతి మెట్ల మీదే దిగాలి. నాకు ఎక్కినప్పుడు లేని నొప్పి అక్కడే వచ్చింది. రెండు చేతికర్రలు తప్పనిసరి. ఇక 4,000 మీటర్ల పైన గాలి పలచబడడానికి మన కొండల మీద సాధన లేదు. కుస్కోనే 3,400 మీటర్ల ఎత్తున ఉంది కనుక, ఏ దారి ఎంచుకున్నా అక్కడ గానీ, కాస్త దిగువన ఒల్లాంతాయ్‌తంబోలో గానీ రెండు మూడు రోజులు గడిపి బయలుదేరాలి.

మిగతా దారుల సంగతి క్లుప్తంగా. లారెస్ దారి అక్కడి మూలవాసులైన కెచువాల పల్లెలు, నేతపని చూడాలనుకునేవారికి. చివరికి రైలు ఎక్కవలసిందే. సెలవు లేనివారికి, నాలుగు రోజులు నడవలేనివారికి రెండు రోజుల చిన్న ఇన్కా ట్రెయిల్ ఉంది, విన్యాయ్ వాయ్నా, సూర్యద్వారం రెండూ అందులో వస్తాయి. చోకెకిరావ్ వేరే శిథిల నగరం. అపురిమాక్ లోయలోకి సుమారు 1,500 మీటర్లు దిగి మళ్ళీ అంతా ఎక్కాలి. జనం చాలా తక్కువ, మచు పిచ్చు ఒకసారి చూసివచ్చినవారికి అదే చెబుతాను.

ఇన్కా ట్రెయిల్ తేదీలు దొరక్క సల్కంటాయ్ తీసుకుంటున్నట్లయితే, డబ్బు కట్టే ముందు ఏజెన్సీని ఒక్క మాట అడగండి: నాలుగో రోజు లక్తపతా అనే ఇన్కా శిథిలాల మీదుగా నడిపిస్తారా, వ్యానులో హిడ్రోఎలెక్ట్రికా అనే జలవిద్యుత్ కేంద్రం దగ్గరి రైలు స్టేషనుకు తీసుకుపోతారా? లుక్మబాంబా అనే పల్లె నుంచి లక్తపతా ఎక్కే దారిలో కొంత మేర పాత ఇన్కా మెట్లే. పైన కూలిన గోడల దగ్గర గడ్డి మీద కూర్చుంటే, లోయకు ఆవలి వైపున మచు పిచ్చు వెనుక భాగం చిన్నగా, స్పష్టంగా కనిపిస్తుంది.