పది అరల సంచి: నాలుగేళ్లు కెయిర్న్ ఆడాక

ముందే చెప్పేస్తాను, నేను కెయిర్న్ మొదలుపెట్టింది ఇష్టంతో కాదు, బద్ధకంతో. కెయిర్న్ అంటే బల్ల చుట్టూ కూర్చుని, తలో పాత్ర తీసుకుని, మాటలతో పాచికలతో కథ నడిపే ఆట. డంజన్స్ అండ్ డ్రాగన్స్ కూడా అలాంటిదే. అంతకుముందు మూడేళ్లు మా ఐదుగురం డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ ఆడాం. గేమ్ మాస్టర్‌ని, అంటే కథ నడిపి తీర్పులు చెప్పేవాణ్ని, నేనే. 2014లో వచ్చిన ఆ ఎడిషన్‌లో ఆటగాళ్ల పుస్తకమొక్కటే మూడొందల పేజీలు దాటుతుంది. అది చెడ్డ ఆట అనను. ఇప్పటికీ ఎవరైనా పిలిస్తే వెళ్లి ఆడతాను. కానీ ఆట నడిపేవాడిగా నా వారాంతాలన్నీ దానికే పోయేవి. ఒకరోజు, ఒక ఆటగాడు రాక్షసుణ్ని వెనక నుంచి వాటేసుకుంటానన్నాడు. దాని నియమం వెతకడానికి నలుగురు నాలుగు ఫోన్లు తీశారు. దొరికేసరికి రాక్షసుడి మీద మాకున్న భయం కాస్తా ఆవిరైపోయింది. ఆ వారమే చిన్న నియమాలున్న ఆట కోసం వెతికాను.

కెయిర్న్ 2020లో వచ్చింది. రాసింది యోకాయ్ గాల్. క్రిస్ మెక్‌డోవల్ రాసిన ఇన్‌టు ది ఆడ్, బెన్ మిల్టన్ రాసిన నేవ్ అనే రెండు చిన్న ఆటల మీద కట్టిన ఆట ఇది. నియమాల పాఠమంతా ఉచితం. పైగా క్రియేటివ్ కామన్స్ లైసెన్సులో ఉంది కాబట్టి ఎవరైనా మార్చి, మళ్లీ అదే షరతు మీద పంచుకోవచ్చు. ఆటంతా చిన్న పల్చటి పుస్తకంలో ఇమిడిపోతుంది.

పాత్రను తయారుచేసుకోవడం ఇలా. బలం, చురుకు, మనోబలం అని మూడు లక్షణాలు. ఒక్కోదానికి మూడు ఆరు ముఖాల పాచికలు వేసి కూడతారు. నచ్చకపోతే ఏవో రెండింటిని తారుమారు చేసుకోవచ్చు. ఇంకో పాచిక వేస్తే హెచ్‌పీ (హిట్ ప్రొటెక్షన్) వస్తుంది. హెచ్‌పీ అంటే ఇక్కడ ఒంట్లో రక్తం కాదు, దెబ్బ తప్పించుకునే ఓపిక. కాసేపు కూర్చుని గుక్కెడు నీళ్లు తాగితే తిరిగొచ్చేస్తుంది. యోధుడు, దొంగ లాంటి తరగతులు లేవు, ఆడేకొద్దీ ఎక్కే లెవెల్స్ లేవు. మీరెవరన్నది మీ సంచిలో ఏముందో దాన్ని బట్టే.

ఆ సంచి గురించే అసలు చెప్పాలి. పది అరలు. కత్తి ఒక అర, తాడు ఒక అర, రెండు చేతులతో పట్టే పెద్ద ఆయుధమైతే రెండు అరలు. పదీ నిండాయా, మీ హెచ్‌పీ సున్నా. అంతే నియమం.

మొదటిసారి చదివినప్పుడు ఇదేం లెక్క, చిన్నపిల్లల ఆటలా ఉందే అనుకున్నాను. అంతకుముందు ఆడిన ఆటలో బరువుకు మంచి లెక్కే ఉంది. బలం అంకెను పదిహేనుతో గుణిస్తే అన్ని పౌండ్లు మోయొచ్చు. ప్రతి వస్తువు బరువూ పట్టికలో ఉంది. మూడేళ్లలో ఆ లెక్క మేం ఎన్నిసార్లు వేశామో తెలుసా? ఒక్కసారి, పాత్రలు తయారుచేసిన రోజు. ఆ తర్వాత ఒక పాత్ర సంచిలో రెండు గొడ్డళ్లు, ఒక నిచ్చెన, ఒక రాతి విగ్రహం, మూడు వారాల తిండి ఉన్నా ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. అడిగితే అందరూ కాలిక్యులేటర్ తీయాలి మరి. పుస్తకంలో నియమం ఉంది, మా ఆటలో లేదు.

పది అరల నియమాన్ని మాత్రం నాలుగేళ్లలో ఒక్క ఆటలో కూడా వదల్లేదు. వదలాలన్నా వదల్లేం, అది కాగితం మీద పది గీతలుగా ఎదురుగా ఉంటుంది. వెండి పళ్లెం దొరికిందంటే వెంటనే ఎవరో ఒకరు, "నా దగ్గర ఒక్క అరే ఖాళీ" అంటారు. దివిటీ పారేయాలా, తాడు పారేయాలా అని గొడవ. ఆ గొడవే ఆట. నియమం సులువైతే పని తగ్గుతుందనుకుని వచ్చాను. తీరా చూస్తే సులువైన నియమం పట్టు వదలకుండా పని చేస్తోంది, అంత వివరంగా రాసిన నియమం అలమరలో నిద్రపోయింది.

మంత్రాలూ ఆ అరల్లోనే. ఒక మంత్రగ్రంథంలో ఒక మంత్రం ఉంటుంది, ఆ గ్రంథానికి ఒక అర. పట్టుకున్నవాళ్లెవరైనా చదవొచ్చు. చదివితే అలసట వస్తుంది, ఆ అలసట ఇంకో అర తింటుంది. సురక్షితమైన చోట రాత్రంతా పడుకుంటే గానీ పోదు. అంటే సంచి నిండా సొమ్ము కుక్కుకున్న మాంత్రికుడు మంత్రం వేయాలంటే ముందు సొమ్ము పారబోయాలి. ఇంత మంచి చిక్కుముడికి ఖర్చయింది రెండు వాక్యాలు!

పోరాటంలో తగిలిందా లేదా అని పాచిక వేయరు. తగులుతుంది. ఆయుధం పాచిక వేసి, ఎదుటివాడి కవచం అంకె తీసేసి, మిగిలింది హెచ్‌పీలోంచి కొట్టేస్తారు. హెచ్‌పీ దాటితే బలంలోంచి పోతుంది. అప్పుడు ఇరవై ముఖాల పాచిక వేసి, మిగిలిన బలానికి సమానంగా గానీ తక్కువగా గానీ పడకపోతే మనిషి కూలిపోతాడు. గంటలోపు ఎవరూ పట్టించుకోకపోతే చనిపోతాడు. హెచ్‌పీ సరిగ్గా సున్నా దగ్గర ఆగితే మాత్రం వేరే కథ. ఒక పట్టిక చూసి దెబ్బ తాలూకు గుర్తు ఒకటి మోసుకు తిరగాలి, ఒక్కోసారి దానివల్ల హెచ్‌పీ పెరుగుతుంది కూడా. "పాచిక వేశాను, మిస్సయింది, నెక్స్ట్" అనే మాట మా బల్ల దగ్గర వినపడక నాలుగేళ్లయింది. మొదట్లో ఒకమ్మాయి, "మరీ ఘోరంగా ఉంది, కత్తి దూసిన ప్రతివాడూ కొట్టేస్తాడా" అంది. నాలుగో వారానికి ఆమే కత్తి దూయకుండా పని కానిచ్చే దారులు అందరికంటే ముందు వెతికేది.

ఆమె ఆటే ఒకటి చెబుతాను. లోయ మీద రాతి వంతెన. అవతల గొలుసు లేని గుడ్డి వేటకుక్క, చప్పుడును బట్టి మీద పడుతుంది. ఆమె పాత్రకు ఇనుప గొలుసుల కవచం ఉంది, కవచం అంకె 2. నడిస్తే గలగలమంటుంది. పాత ఆటలో అయితే "దొంగతనంగా నడుస్తా, 17 పడింది" అని దాటేవాళ్లం. ఇక్కడ ఆమె కాగితం వైపు చూడలేదు, చూడ్డానికి అక్కడేం లేదు గనక. కాసేపు ఆలోచించి, "కవచం విప్పేస్తాను. తాడుకు కట్టి వంతెన పక్క నుంచి కిందకు వేలాడదీసి గోడకేసి కొడుతూ ఉంటాం. కుక్క అటు వంగుతుంది, మిగతావాళ్లు దాటేయండి" అంది. నేను పాచిక కూడా అడగలేదు. అడగడానికి కారణం కనపడలేదు. కుక్క అటే వెళ్లింది, అందరూ దాటారు. కానీ కవచం పైకి లాగే టైములో తాడు జారి రెండూ లోయలో పడ్డాయి.

గంట తర్వాత, తిరుగుదారిలో, అదే కుక్క ఆమె మీదే పడింది. దెబ్బ 6. ఆమె హెచ్‌పీ 4, బలం 9. కవచం ఉండుంటే 4 తగిలి సరిగ్గా సున్నా దగ్గర ఆగేది. లేదు కాబట్టి మిగిలిన 2 బలంలోంచి పోయి 7 అయింది. పాచిక వేసింది. 14. బల్ల చుట్టూ ఎవరూ మాట్లాడలేదు. ఆ లెక్కంతా ఆమె నోటితోనే చెప్పింది, నేను పుస్తకం తెరవలేదు. ఆ నిశ్శబ్దం మధ్యలో ఎవరైనా 187వ పేజీ తెరిచి ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

ఈ గోల ఇవాళ్టిది కాదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వస్తే, దాని నియమాలు తలకెక్కక కెన్ సెయింట్ ఆండ్రే 1975లోనే టనల్స్ అండ్ ట్రోల్స్ రాసుకున్నాడు, అదీ మామూలు ఆరు ముఖాల పాచికలతో సరిపెట్టుకునేలా. ఇంకా వెనక్కి వెళితే ప్రష్యా అనే పాత జర్మన్ రాజ్యపు సైన్యాధికారులు. రైస్విట్జ్ అనే అధికారి తయారుచేసిన 1824 నాటి యుద్ధక్రీడలో పట్టికలూ లెక్కలూ ఎక్కువై, 1876లో వెర్డీ డు వెర్నోవా అనే ఇంకో అధికారి వాటిలో చాలాభాగం తీసేసి, తీర్పు అనుభవమున్న అంపైర్ చేతిలో పెట్టాడు. నిజంగా యుద్ధాలు చేసే మనుషులకే పట్టికలు విసుగొచ్చాయంటే, వారానికోసారి సరదాగా కూర్చునే మాలాంటివాళ్ల సంగతి చెప్పాలా!

ఇక కష్టాలు. తీర్పు అంపైర్ చేతిలో పెట్టడం వినడానికి బాగుంటుంది. ఆ అంపైర్ నేనైనప్పుడు తెలిసింది తల ప్రాణం తోకకు రావడమంటే ఏమిటో. ఒక వారం కందకం దూకడానికి చురుకు మీద పాచిక వేయించాను. మూడు వారాల తర్వాత అంతే కందకం ఇంకొకరు ఊరికే దూకేశారు. "అన్నా, నాకో రూలు వాడికో రూలా?" అని తమ్ముడు పట్టుకున్నాడు. న్యాయమే. అప్పటినుంచి ప్రతి తీర్పూ ఒక నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. కందకాలు, ఈత, చీకట్లో బాణం, తడిసిన దివిటీ, గుర్రం మీంచి పడటం. ఏడాదిన్నరకు నలభై పేజీలైంది. ఒకరోజు దివిటీ తీర్పు కోసం ఆ పుస్తకం తిరగేస్తుంటే నాకే నవ్వొచ్చింది. దేన్నుంచి పారిపోయి వచ్చానో దాన్నే నా చేతిరాతలో మళ్లీ రాసుకున్నాను. పైగా అందులో సగం ఎవరికీ గుర్తు లేవు, అంటే అవీ ఆటలో లేనట్టే. పుస్తకం పక్కన పడేసి మూడు ముక్కలు మాత్రం ఉంచుకున్నాం. ప్రమాదముంటేనే పాచిక. వేయకముందే ఓడితే ఏమవుతుందో నేను చెప్పాలి. అన్యాయం అనిపిస్తే అప్పుడే చెప్పాలి, మర్నాడు ఫోన్లో కాదు.

రెండో కష్టం ఇంకా సున్నితమైంది, దీన్ని సులువు నియమాల అభిమానులు దాటేస్తుంటారు. మా గుంపులో ఒకతను చాలా తక్కువ మాట్లాడతాడు. పాత ఆటలో అతని పాత్రకు ఒప్పించే నైపుణ్యం బాగా ఎక్కువ. పాచిక వేసి 18 అంటే చాలు, రాజైనా వినేవాడు. అతనికి బదులు కాగితం మాట్లాడేది. కెయిర్న్‌లో ఆ కాగితం పోయింది. మొదటి ఆరు నెలలు ఆట మొత్తం గట్టిగా మాట్లాడే ఇద్దరి చేతుల్లోకి వెళ్లిపోయింది, అతను దివిటీ పట్టుకుని వెనక నిలబడ్డాడు. నేను గమనించడానికే ఆలస్యమైంది, ఆ తప్పు నాదే. తర్వాత పద్ధతి మార్చాం. ఎలా మాట్లాడతావని అడగను. ఏం కావాలి, దానికి బదులు ఏం ఇవ్వగలవు, రెండే ప్రశ్నలు. "గేటు తీయాలి. వాడి తమ్ముడు ఎక్కడున్నాడో నాకు తెలుసు" అన్నాడతను ఒకరోజు. ఏడు మాటలు, గేటు తెరుచుకుంది. అయినా నైపుణ్యాల జాబితా అతనికిచ్చిన ధీమా నేనివ్వగలనని అనుకోను.

మూడోది, ఎదుగుదల. లెవెల్స్ లేకపోవడం మొదటి ఏడాది హాయిగా ఉంటుంది. దెబ్బల గుర్తులూ, దొరికిన వస్తువులూ, ఏర్పడిన స్నేహాలూ, శత్రుత్వాలే ఎదుగుదల. కానీ పాత్రను నట్టు నట్టుగా బిగించుకుంటూ, వచ్చే లెవెల్లో ఏం తీసుకోవాలా అని బస్సులో కూర్చుని ఆలోచించే సరదా కొందరికి ఉంటుంది. మా ఐదుగురిలో ఒకామెకి ఉంది. రెండేళ్లకు ఆమె పెద్ద ఆట ఆడే ఇంకో గుంపులో కూడా చేరింది. మా దగ్గరికీ వస్తుంది. అదేం తప్పు కాదు, ఆమెకు కావలసింది ఈ ఆటలో లేదంతే.

ఇంకా చిన్న ఆటలూ ప్రయత్నించాం. జాన్ హార్పర్ రాసిన లేజర్స్ అండ్ ఫీలింగ్స్ ఒకే ఒక్క పేజీ. 2 నుంచి 5 లోపు ఒక అంకె ఎంచుకుంటారు. తెలివితో, యంత్రాలతో చేసే పనికి పాచిక ఆ అంకె కంటే తక్కువ పడాలి, మనసుతో చేసే పనికి ఎక్కువ పడాలి. ఒక సాయంత్రానికి అద్భుతం, కడుపు పట్టుకుని నవ్వాం. రెండో వారానికి దాంట్లో పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. అంకె అందరికీ ఉంది, పోగొట్టుకోవడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. కెయిర్న్ అన్నాళ్లు నిలిచింది సంచి వల్లే అని నాకు గట్టిగా అనిపించింది అప్పుడే.

కెయిర్న్‌కు రెండో ఎడిషన్ కూడా ఉంది. ఆటగాళ్లకొకటి, వార్డెన్‌కొకటి, రెండు పుస్తకాలు. ఆటను నడిపేవాణ్ని ఇందులో వార్డెన్ అంటారు. ఇరవై నేపథ్యాలున్నాయి, అడవులూ గుహలూ అల్లుకోవడానికి పద్ధతులున్నాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేపథ్యాల కోసమైనా అదే చూడమంటాను. మేం మాత్రం మొదటిదానితోనే ఉండిపోయాం, మూడొంతులు అలవాటు, ఒక వంతు మొండితనం. ఆట నడిపేవాళ్లకు తీర్పు చెప్పడమంటే టెన్షన్ అయితే దీని జోలికి వెళ్లకండి. మీ గుంపులో ఒకరి మీద ఒకరికి నమ్మకం కుదరకపోయినా అంతే.

ఆ వంతెన రాత్రి సంగతి సగంలో ఆపాను. కూలిన మనిషికి కట్టు కట్టారు, ప్రాణం నిలిచింది, కానీ నడవలేదు. మోసుకెళ్లాలి. "అన్నా, మనిషి ఎన్ని అరలు?" అన్నాడు తమ్ముడు. పుస్తకంలో లేదు. ఎనిమిది అన్నాను, ఇద్దరు మోస్తే చెరి నాలుగు. ఆ మాట వినగానే సంచులు బల్ల మీద బోర్లించినట్టే అయింది. వెండి పళ్లాలు పోయాయి. తాడు లోయలోకి ముందే పోయింది. మంత్రగ్రంథం దగ్గర ఆగారు, దానికోసమే ఆ గుహకు వచ్చారు మరి. ఆ తక్కువ మాట్లాడే అతను తన కాగితం మీద ఒక గీత కొట్టేశాడు. ఏం కొట్టేశావని అడిగితే కాగితం నావైపు తిప్పాడు. గ్రంథం ఉంది. కత్తి లేదు.